కింద సంతకం ఎవరిది?

వీసా కాగితమైనా, భూమి దస్తావేజైనా, కంపెనీ వెబ్‌సైటైనా అనువాదానికి ఇచ్చేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు

ఏ ఊళ్ళోనైనా కోర్టు పక్క సందులోకి వెళ్ళి చూడండి. ఒక కంప్యూటరు, జిరాక్స్ మిషను, స్టాంపు పేపర్ల కట్ట, పైన ఎండకు వెలిసిన ఫ్లెక్సీ. అఫిడవిట్, రెంటల్ అగ్రిమెంట్, నోటరీ, పాన్ కార్డు, లామినేషన్... ఆ వరసలో ఎక్కడో 'ట్రాన్స్‌లేషన్' అని కూడా ఉంటుంది. లామినేషనూ ట్రాన్స్‌లేషనూ ఒకే జాతి పనులన్నట్టు, కాగితం ఇచ్చి టీ తాగి వచ్చేసరికి రెండూ అయిపోతాయన్నట్టు ఉంటుంది ఆ బోర్డు.

నేనూ అలాగే అనుకున్నాను. మా పెద్దమ్మ కొడుకు అమెరికాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోవడానికి కాగితాలు కూర్చుకుంటున్న రోజులవి. అన్నయ్య జనన రిజిస్టరు నకలు పాతకాలపు పంచాయతీది, మొత్తం తెలుగులో, చేతిరాతలో ఉంది. అలాంటి ఒక కొట్టులో ఇచ్చాం. అరగంటలో ఇంగ్లిషు కాగితం చేతికొచ్చింది. కింద నోటరీ ముద్ర ఎర్రగా, గుండ్రంగా, కన్నులపండువగా ఉంది. బస్టాపులో నిలబడి చదువుకుంటే తెలిసింది, అన్నయ్య తండ్రిపేరు 'గార్డెన్ సుబ్బారావు' అయింది. వాళ్ళ ఇంటిపేరు తోట.

వెనక్కి వెళ్తే కొట్టాయన ఏమాత్రం తొణకలేదు. "దానికేముందండీ, మార్చేద్దాం" అని ఒక్క నిమిషంలో మార్చేశాడు. నోటరీ ముద్ర మళ్ళీ పడింది. తప్పున్నప్పుడూ పడిందదే ముద్ర, తప్పు పోయాకా అదే. "ఇంతకీ అనువాదం చేసిందెవరండీ?" అని అడిగాను. ఆయన గడ్డంతో కంప్యూటరు వైపు చూపించాడు.

ఆ ప్రశ్న పట్టుకునే ఈ కథనం రాస్తున్నాను.

విదేశాలు అడిగేది ముద్ర కాదు

అమెరికా వలస విభాగం నిబంధన ఈ విషయంలో ఒకే ఒక్క వాక్యం. వేరే భాషలో ఉన్న ఏ పత్రానికైనా పూర్తి ఇంగ్లిషు అనువాదం జతచేయాలి. అది సంపూర్ణంగా, సరిగ్గా ఉందని అనువాదకుడే ధ్రువీకరించాలి. ఆ భాషలోంచి ఇంగ్లిషులోకి అనువదించగల సామర్థ్యం తనకుందనీ అతనే రాసివ్వాలి. ఇందులో నోటరీ మాటే లేదు. 'పూర్తి' అన్న మాట మాత్రం ఉంది. అంటే ముఖ్యమైన నాలుగు వరుసలు ఇంగ్లిషు చేసి ఊరుకుంటే కుదరదు. రబ్బరు స్టాంపులో ఉన్న అక్షరాలు, మార్జిన్లో గుమాస్తా రాసుకున్న ముక్క, వెనక పేజీలో ఉన్నది అన్నీ రావాలి. చెరిగిపోయి చదవడానికి వీల్లేని చోట అదే మాట రాయాలి తప్ప ఊహించి పూరించకూడదు.

బ్రిటన్ అనువాదకుడి పూర్తి పేరు, సంతకం, చిరునామా వివరాలు, తేదీ అడుగుతుంది. సంస్థ చేస్తే సంస్థ తరఫున బాధ్యత తీసుకునే మనిషి సంతకం ఉండాలి. కెనడా ఇంకొంచెం గట్టిది. దరఖాస్తుదారు గాని, కుటుంబ సభ్యులు గాని చేసిన అనువాదం చెల్లదంటుంది, వాళ్ళు స్వయంగా అనువాదకులైనా సరే. గుర్తింపు లేని అనువాదకుడైతే అఫిడవిట్ కూడా కావాలి. జర్మనీలో కోర్టు ముందు ప్రమాణం చేసిన అనువాదకులు వేరే ఉంటారు. దేశం మారితే తతంగం మారుతోంది కానీ అందరూ వెతుకుతున్నది ఒకటే: తప్పొస్తే ఫోన్ చేసి అడగడానికి ఒక మనిషి.

మన దేశంలో ఇలా ప్రమాణం చేయించి అనువాదకులను నియమించే చట్టం లేదు. 1952 నాటి నోటరీల చట్టం ఎనిమిదో సెక్షన్లో నోటరీ చేయదగ్గ పనుల్లో అనువదించడం, అనువాదాన్ని సరిచూడడం కూడా ఉన్నాయి. ఆ చూడడం జరిగితే మంచిదే. సందులో జరిగేది ఎక్కువగా ముద్ర వేయడం. కాబట్టి మన దగ్గర ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు, పెట్టుకున్నారు కూడా. జల్లెడ పట్టే పని వినియోగదారుడి మీదే పడుతోంది.

ఈ ఖాళీలో పెద్ద పెద్ద పేర్లు తిరుగుతుంటాయి. 'ఏటీఏ సర్టిఫైడ్ తెలుగు ట్రాన్స్‌లేటర్' అని ఎవరైనా ప్రకటించుకుంటే ఒక్క క్షణం ఆగండి. ఆటా అనగానే మనవాళ్ళకు అమెరికా తెలుగు సంఘం, దాని సభలు, సినిమావాళ్ళ ప్రోగ్రాములు గుర్తొస్తాయి. ఇది అది కాదు, అమెరికన్ అనువాదకుల సంఘం, 1959లో పుట్టింది. వాళ్ళు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే భాషల్లో తెలుగు లేదు. రుసుము కట్టి సభ్యుడు కావడం వేరు, పరీక్ష నెగ్గడం వేరు. ఆస్ట్రేలియా వెళ్ళాలనుకునేవాళ్ళకు అక్కడ అనువాదకులకు గుర్తింపునిచ్చే సంస్థ 'నాటి' పేరు బాగా తెలుసు. శాశ్వత నివాసానికి 5 పాయింట్లు తెచ్చిపెట్టే సీసీఎల్ పరీక్షను మన పిల్లలు తెలుగులో రాస్తున్నారు, దానికి కోచింగులూ వెలిశాయి. ఆ పరీక్ష పాసైన అబ్బాయి 'నాటి వాళ్ళ దగ్గర పాసయ్యాను, డాక్యుమెంట్లు చేసిపెడతాను' అంటే నమ్మకండి. సీసీఎల్ అనువాదకుడిగా గుర్తింపు కాదు, ఆ గుర్తింపు పరీక్ష వేరు.

అసలు డబ్బు పెట్టేముందు అవసరముందో లేదో చూసుకోవాలి. మీసేవలో ఇప్పుడు తీసుకునే జనన ధ్రువపత్రాల్లో చాలావరకు తెలుగూ ఇంగ్లిషూ రెండూ ఉంటున్నాయి. పాత తెలుగు నకలును అనువదించడానికి పరుగెత్తే బదులు కొత్త నకలు తీసుకుంటే కొన్నిసార్లు పనే తేలిపోతుంది. ఈ మాట చెప్పి మిమ్మల్ని తిప్పి పంపే అనువాదకుడు దొరికితే మాత్రం అతని నంబరు దాచుకోండి.

పసుపు కుంకుమల రెండెకరాలు

ఇంటిపేరు తప్పు నవ్వుకుని దిద్దుకునేది. తోట గార్డెనైతే, గుర్రం హార్స్ అయితే, ఉప్పు సాల్ట్ అయితే కంటికి కనిపిస్తుంది. కనిపించని తప్పులు భూమి కాగితాల్లో ఉంటాయి.

పాత దస్తావేజులో 'పసుపు కుంకుమల కింద' అని ఉంటుంది. పెళ్ళిలో ఆడపిల్లకు పుట్టింటివాళ్ళు ఇచ్చిన భూమి అది. పసుపునీ కుంకుమనీ విడివిడిగా వంటింటి మాటల్లోకి మార్చేస్తే చదివే జడ్జిగారికి ఏమర్థమవుతుంది? మాటను అలాగే ఉంచి, ఇది పెళ్ళి సందర్భంగా కూతురికి ఇచ్చే ఆనవాయితీ కానుక అని అనువాదకుడు కింద చిన్న వివరణ ఇవ్వాలి. 'భోగ్యం' ఇంకో మాట. అప్పిచ్చినవాడు వడ్డీకి బదులు భూమి ఫలసాయం అనుభవించే తనఖా అది. దాన్ని లీజు అని రాస్తే తాకట్టు కాస్తా కౌలు అయిపోయి, దావా అసలు స్వరూపమే మారిపోతుంది.

కొలతలు మరో గండం. తెలంగాణలో కుంటలు, కోస్తాలో సెంట్లు, నెల్లూరు, తిరుపతి వైపు అంకణాలు. ఎకరానికి 40 కుంటలు, కుంటంటే 121 చదరపు గజాలు. ఎకరానికి 100 సెంట్లు, సెంటంటే 48.4 గజాలు. విజయవాడలో కూర్చుని వరంగల్ కాగితం చేసే కుర్రాడు చేయి జారి కుంటల చోట సెంట్లు వేస్తే, 605 గజాల జాగా 242 గజాలవుతుంది. 'తరి' అంటే మాగాణి, 'ఖుష్కి' అంటే మెట్ట అని తెలంగాణ రెవెన్యూ కాగితాలు చూసినవాళ్ళకే తెలుసు. నిజాం కాలపు కాగితాలైతే ఉర్దూ. సేత్వార్ అనే పాత సర్వే రిజిస్టరు నకలు చేయాలంటే ఉర్దూ వచ్చినంత మాత్రాన చాలదు, ఆ గొలుసుకట్టు రాత చదవడం కూడా రావాలి. కోస్తాలో పాత సెటిల్‌మెంటు రిజిస్టరును రెవెన్యూవాళ్ళు 'డైగ్లాట్' అంటారు. ఆ మాటకు అర్థమే రెండు భాషలది అని.

సంవత్సరం సంగతి చూడండి. తెలంగాణ సాగు రికార్డు అయిన పహాణీ మీద 'ఫసలీ 1364' అని ఉంటుంది. దానికి 590 కలిపితే 1954, అంటే 1954-55 అన్నమాట. అక్కడ భూమి హక్కులకు మూలంగా చూసే ఖాస్రా పహాణీ ఏడాది అదే. ఈ లెక్క తెలియని చేతిలో పడితే మీ తాతగారి భూమి పధ్నాలుగో శతాబ్దంలోకి, కాకతీయుల తరవాతి రోజుల్లోకి వెళ్ళి కూర్చుంటుంది.

బంధుత్వాల గొడవ రెండు వైపులా ఉంది. తెలుగులోంచి వెళ్ళేటప్పుడు అన్న, తమ్ముడు ఒకటే మాట అయిపోతారు. వారసుల పత్రంలో ఎవరు పెద్ద అన్నది ముఖ్యమైతే అది పోకూడదు. ఇంగ్లిషులోంచి వచ్చేటప్పుడు 'బ్రదర్ ఇన్ లా' అన్నది బావా, మరిదా, బావమరిదా, తోడల్లుడా? కాగితం చూసి చెప్పడం ఎవరివల్లా కాదు. ఇంటివాళ్ళను అడగాలి. మంచి అనువాదకుణ్ణి గుర్తుపట్టే మార్గం నాకు తెలిసి ఇదొక్కటే: పని మొదలుపెట్టేముందు మీకు ప్రశ్నలు వేస్తాడు. పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందండీ? లక్ష్మిలో కె, ఎస్ ఉన్నాయా, ఎక్స్ ఉందా? ఇంటిపేరు ముందా వెనకా? ఇది ఏ కార్యాలయంలో ఇస్తారు? ఏ ప్రశ్నా లేకుండా 'సాయంత్రం రండి' అన్నాడంటే ఆ కాగితం అతను చదవబోవడం లేదని అర్థం.

ప్రశ్నలు వేసేవాడే ఒక విషయంలో మీ మాట వినకూడదు కూడా. మూలంలో పుట్టినతేదీ తప్పుంటే 'ఇంగ్లిషులో సరిచేసేయండి' అని అడిగేవాళ్ళు చాలామంది. అది అనువాదకుడి పని కాదు. మూలంలో తప్పుంటే అనువాదంలోనూ ఆ తప్పే ఉండాలి. దిద్దించుకోవాల్సింది మండలాఫీసులోనో మున్సిపాలిటీలోనో. అడగ్గానే తేదీ మార్చిపెట్టిన కొట్టుకు రెండోసారి వెళ్ళకండి.

హోమ్ అంటే ఇల్లా?

వెబ్‌సైటు దగ్గరికి వచ్చేసరికి చాలామంది అసలు అనువాదకుణ్ణే పిలవరు. ఒక మీట నొక్కితే పేజీ తెలుగైపోతుంది కదా అనుకుంటారు. గూగుల్ అనువాదంలోకి 2011లో తెలుగు వచ్చింది. అప్పటికీ ఇప్పటికీ పోలికే లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా 2025 జూలైలో జరిగింది గుర్తుచేసుకోండి. 'జగదేకవీరుని కథ'తో మనవాళ్ళకూ దగ్గరైన బి. సరోజాదేవి ఆ నెల 14న కన్నుమూశారు. కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య సంతాపం కన్నడంలో పోస్టయింది. మెటా యంత్రం దాన్ని ఇంగ్లిషులోకి మార్చేసరికి చనిపోయింది ముఖ్యమంత్రే అన్నట్టు వచ్చింది. ముఖ్యమంత్రి కార్యాలయం ఫిర్యాదు చేసింది, సంస్థ క్షమాపణ చెప్పుకుంది. కన్నడం మన పక్కింటి భాష, వాక్యం నడక మనదే. ఎవరికి సంతాపం, ఎవరి సంతాపం అన్నది ఒక చిన్న విభక్తిలో ఉంటుంది. అది జారితే మనిషే మారిపోతాడు.

మనుషులు మాత్రం తక్కువ తిన్నారా? 2008లో బ్రిటన్‌లోని స్వాన్సీ పట్టణంలో రోడ్డు బోర్డుకు వెల్ష్ అనువాదం కోసం ఈమెయిల్ పంపారు. వెంటనే వెల్ష్‌లో జవాబొచ్చింది. దాన్నే బోర్డు మీద అచ్చేసి రోడ్డు పక్క పాతారు. దాని అర్థం: 'నేను ప్రస్తుతం ఆఫీసులో లేను, అనువదించాల్సిన పని ఏదైనా ఉంటే పంపండి.' అక్కడ యంత్రం తప్పేమీ లేదు. వచ్చింది చదివే రెండో మనిషి లేడంతే.

అనువాద సేవలకు 2015లో వచ్చిన ఐఎస్‌ఓ 17100 ప్రమాణం గట్టిగా పట్టుబట్టేది ఈ రెండో మనిషి గురించే. అనువదించినవారు కాక మరొకరు మూలాన్నీ అనువాదాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలంటుంది. యంత్రం చేసినదాన్ని మనిషి దిద్దే పనికి 2017లో ఐఎస్‌ఓ 18587 అని వేరే ప్రమాణం వచ్చింది. సంస్థ గోడ మీద సర్టిఫికెట్ ఉందా అన్నది తరవాతి సంగతి. 'మీ దగ్గర రెండోసారి చూసేదెవరు?' అని ఫోన్లో అడగండి. జవాబు వచ్చే వేగాన్ని బట్టి చాలా తెలుస్తుంది.

తెలుగు వెబ్‌సైట్లలో కనబడే వింతలతో ఒక సంకలనం వేయొచ్చు. 'హోమ్' అన్న మీట 'ఇల్లు' అయింది. 'బుక్ నౌ' అన్నది 'ఇప్పుడు పుస్తకం'. 'ఆర్డర్' ఆజ్ఞ, 'చార్జ్' అభియోగం. అనువాదకుడికి మాటల జాబితా ఎక్సెల్ షీట్లో పంపి, ఆ మాట తెర మీద ఎక్కడొస్తుందో చూపించకపోతే మనిషి చేసినా ఇలాగే వస్తుంది. అందుకని స్క్రీన్‌షాట్లు అడిగే సంస్థ మంచిది. ఖాళీల్లో పేర్లు వచ్చి పడే వాక్యాలు మరీ కష్టం. 'ఫలానా మీకు మెసేజ్ పంపాడు' అని రాస్తే రేపు అక్కడికి సుజాత వచ్చి కూర్చుంటుంది. 'పంపారు' అంటే ఇద్దరికీ సరిపోతుంది, మర్యాదా దక్కుతుంది. ఇంత చిన్న ఉపాయం తెలిసినవాడికి రెండు రూపాయలు ఎక్కువిచ్చినా నష్టం లేదు. మాట ఎంత తెలుగుండాలి అన్నదీ ముందే తేల్చుకోండి. లాగిన్ అవ్వండి అంటే అందరికీ తెలుసు. 'ప్రవేశించండి' అంటే గుడి గుమ్మం గుర్తొస్తుంది. నా ఓటు లాగిన్‌కే. మీ ఖాతాదారుల ఓటు ఎటో వాళ్ళనే అడిగి, ఒక పదాల పట్టిక రాసుకుని అనువాదకుడి చేతిలో పెట్టండి.

మన దగ్గర ఉన్న మరో చిక్కు ఫాంట్లది. డీటీపీ లోకం ఇంకా చాలావరకు అను ఫాంట్ల మీద నడుస్తోంది. కరపత్రానికి, పెళ్ళికార్డుకు అది బాగానే ఉంటుంది. అదే ఫైలును వెబ్‌సైటులో పెడితే అక్షరాలు చెదురుతాయి. లేదా దాన్ని బొమ్మగా పెడతారు, అప్పుడు ఏ సెర్చ్ ఇంజనుకూ మీ పేజీ దొరకదు. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. రామభద్ర, మండలి, గిడుగు లాంటి ఉచిత ఫాంట్లూ ఉన్నాయి. 'ఫైలు యూనికోడ్‌లో ఇస్తారా?' అన్నది బేరానికి ముందే అడగాల్సిన మాట. ఇచ్చాక కూడా ఫోన్లో తెరిచి చూడాలి. ఇంగ్లిషు అక్షరాల ఎత్తుకు కొలిచి గీసిన మీటల్లో మన ఒత్తులు కింద కత్తిరించుకుపోతాయి. 'రాష్ట్రం'లో కింది ఒత్తులు ఎగిరిపోయిన బ్యాంకు పేజీ నేను చూశాను.

సరదాకి తెలుగు పెట్టుకునే రోజులు కూడా పోతున్నాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, మన సమాచారం తీసుకునేందుకు సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లిషులో గాని, ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గాని చదువుకునే వీలు కల్పించాలి. అంటే తెలుగు ఖాతాదారులున్న ప్రతి యాప్‌కూ ఆ నోటీసు తెలుగులో కావాలి. 'అంగీకరిస్తున్నాను' అని నొక్కేముందు చదివే కాగితం అది. మీట నొక్కి తెచ్చుకున్న తెలుగు అక్కడ పెట్టే సంస్థకు నేనైతే నా ఆధార్ నంబరు ఇవ్వను.

రేపటికల్లా ఎలా అవుతుంది?

ధర మాటకు ఇంత, పేజీకి ఇంత అని చెబుతారు. పేజీ అంటే అమెరికాలో సుమారు 250 మాటలని లెక్క. మన దగ్గర పేజీ అంటే ఏమిటో ముందే అడగాలి, అక్షరం పెద్దదైతే పేజీలు పెరుగుతాయి. ధర కన్నా గడువు ఎక్కువ నిజం చెబుతుంది. జాగ్రత్తగా చేసే మనిషి రోజుకు రెండు వేలు, రెండున్నర వేల మాటలకు మించి చేయలేడు. 200 పేజీల ఒప్పందం అంటే 50 వేల మాటలు, ఒక్కరికి కనీసం 20 రోజులు. రెండు రోజుల్లో ఇస్తామన్నారంటే పదిమందికి పంచుతున్నారు, లేదా యంత్రానికి వేస్తున్నారు. పదిమందికి పంచితే మొదటి పేజీలో 'కౌలుదారు' నలభయ్యో పేజీలో 'అద్దెదారు' అవుతాడు. యంత్రానికి వేసి మనిషి దిద్దితే నాకు పేచీ లేదు. ఆ మాట చెప్పి ఆ ధరే తీసుకోవాలి. చెప్పకుండా మనిషి ధర తీసుకోవడమే మోసం.

యంత్రమంటే ఇంకో భయం ఉంది. ఉచితంగా దొరికే సైట్లలో వేసిన కాగితాలు ఎక్కడికి వెళ్తాయి? 2017లో నార్వే చమురు సంస్థ స్టాటాయిల్‌వాళ్ళు ఒక ఉచిత అనువాద సైటులో వేసిన అంతర్గత పత్రాలు గూగుల్ వెతుకులాటలో బయటపడ్డాయి. మన కొట్ల వాట్సాప్‌లలో ఎన్ని బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఎన్ని విడాకుల డిక్రీలు పడి ఉన్నాయో! పని అయ్యాక ఫైళ్ళు తీసేస్తామని రాసివ్వమంటే పెద్ద సంస్థలు ఇస్తాయి. చిన్న కొట్టులోనైతే మీ కళ్ళముందే తీసేయించండి.

యంత్రాన్ని కోర్టులూ వాడుతున్నాయి. మన తెలుగు రాష్ట్రాల హైకోర్టుల్లో, సుప్రీంకోర్టులో రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం వ్యవహారం ఇంగ్లిషులోనే. సుప్రీంకోర్టు 2019లో సువాస్ అనే అనువాద సాఫ్ట్‌వేర్ తెచ్చింది. తీర్పులు ఇప్పుడు తెలుగులోనూ చదువుకోవచ్చు. వాటి మీద ఒక హెచ్చరిక ఉంటుంది: ఇది కక్షిదారు అర్థం చేసుకోవడానికే, అమలుకు ఇంగ్లిషు ప్రతే ప్రమాణం. రెండు భాషల్లో ఒప్పందం రాసుకునే వ్యాపారులు ఆ ఒక్క వాక్యం చూసి నేర్చుకోవచ్చు. తేడా వస్తే ఏ భాష ప్రతి చెల్లుతుందో ఒప్పందంలోనే రాసుకోవాలి.

సంస్థ దొరికాక వెంటనే కట్ట మొత్తం ఇచ్చేయకండి. వంద మాటల ముక్క ఇచ్చి, డబ్బిచ్చే చేయించి, ఆ విషయం తెలిసినవాళ్ళకు చూపించండి. మందుల కాగితమైతే డాక్టరుకు, దస్తావేజైతే రిటైరైన వీఆర్వోకో వకీలుకో చూపించాలి. వీసా పనైతే పాస్‌పోర్టు జిరాక్స్, ఇంట్లో అందరి పేర్లూ ఇంగ్లిషులో ఎలా రాయాలో మీ చేత్తో రాసిన చీటీ వెంట తీసుకెళ్ళండి.

అన్నయ్య కాగితం చివరికి రిటైరైన ఇంగ్లిషు లెక్చరర్ ఒకాయన చేశారు. ఒక పేజీ కాగితానికి ఆరు ప్రశ్నలు అడిగారు. రెండు రోజులు పట్టింది, కొట్టాయన తీసుకున్నదానికి మూడింతలు తీసుకున్నారు. కింద తన పేరు, అడ్రసు, ఫోను నంబరు రాసి సంతకం పెట్టారు. అన్నయ్య ఇప్పుడు న్యూజెర్సీలో ఉన్నాడు, తోట అనే ఇంటిపేరుతోనే.